స్వరూప పరిశోధన, తిమ్మమ్మ పంపకం

మా చిన్నాన్న కూతురు స్వరూప డాక్టరు. ఈ మాట చెవిన పడగానే మా ఉప్పునుంతలలో ఎవరైనా చేసే మొదటి పని చేయి ముందుకు చాపి నాడి చూడమనడం. ఆమె చూడనంటే మొహం ముడుచుకోవడం రెండో పని. ఎందుకంటే స్వరూప నాడి పట్టే డాక్టరు కాదు, చీటీ రాసే డాక్టరు కాదు, సూది వేసే డాక్టరు అసలే కాదు. పరిశోధన చేసి పేరు ముందు డాక్టరు పెట్టుకుంది. ఈ తేడాను ఊరికి చెప్పి చెప్పి అలిసిపోయిన ఆమె తల్లి విజయమ్మ, చివరికి "మా పిల్ల డాక్టర్లకే డాక్టరు" అని ఒక మాట అని చేతులు దులుపుకుంది. దాంతో ఊళ్లో గౌరవం పెరగలేదు, అనుమానం పెరిగింది. మోకాళ్ల నొప్పికి గోలీ రాయలేని పిల్ల డాక్టర్లకు డాక్టరెట్ల అయిందని మా మేనత్త భాగ్యమ్మ ఇప్పటికీ కనపడ్డవాళ్లనల్లా అడుగుతుంది.

నా పేరు ప్రేమ్ కుమార్. నాగర్‌కర్నూల్‌లో ఆఫీసులకు పోయే దారిలో జిరాక్సు దుకాణం నడుపుతాను. జనం తమ బతుకును రెండు వైపులా కాపీ తీయించుకుని లోపలికి పోవడం, ఇంకో కాగితం తక్కువైందని ఉసూరుమంటూ బయటికి రావడం రోజూ చూస్తాను. కాబట్టి నాకు మనుషుల మీద జాలి ఎంత ఉందో ఆఫీసుల మీద మంట అంతే ఉంది. మా చెల్లెలి కథ చెప్పడానికి ఈపాటి అర్హత సరిపోతుందనుకుంటాను.

స్వరూప హాస్టల్లో పెరిగింది. తల్లిదండ్రులు కూలికి పూనా పోతే పిల్లలను హాస్టల్ పెంచడం మా పాలమూరు పద్ధతి. ఏడాదికోసారి ఒక బృందం జీపు దిగేది. ఆడపిల్లల కనురెప్పలు కిందికి లాగి చూసి, అందరికీ రక్తం తక్కువని రాసుకుని, గోలీలు పంచి, ఫొటో దిగి వెళ్లిపోయేది. ఆ గోలీలు మింగితే కడుపులో తిప్పుతుందని పిల్లలంతా వాటిని గోడ అవతలికి విసిరేసేవారు. ఆ గోడ అవతలి వేపచెట్లకు మాత్రం ఈరోజు వరకూ రక్తహీనత రాలేదు.

స్వరూపను పరిశోధన వైపు తోసింది మా అమ్మ జమ్ములమ్మ. తోసింది అంటే సలహా ఇచ్చిందని కాదు, చనిపోయింది. అమ్మకు రొమ్ములో గడ్డ వచ్చింది. హైదరాబాదులో ఒక దవాఖానలో క్యాన్సర్‌కు సూదిమందు మొదలుపెట్టారు. ప్రతిసారీ ముందు రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ ఎనిమిది కూడా లేదని ఒక గదిలో సూది ఆపారు. సూది ఆగింది కనుక గడ్డ పెరిగిందని ఇంకో గదిలో చెప్పారు. గడ్డ పెరిగింది కనుక ఇక చేసేదేమీ లేదని మూడో గదిలో చెప్పారు. ముగ్గురూ చదువుకున్నవాళ్లే, ముగ్గురూ చెప్పింది నిజమే. మా అమ్మ ఆ మూడు గదుల మధ్య తిరిగి తిరిగి పోయింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు. అయితే నేను జిరాక్సు మిషన్‌ను తిట్టి ఊరుకునే రకం. స్వరూప ఆ కోపం మీదనే ఏళ్లకేళ్లు చదివింది.

ఆమె చదివిందేమిటో ఒకసారి నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని చెప్పింది. క్యాన్సర్ మందు గడ్డను కొట్టేటప్పుడు రక్తం తయారయ్యే ఎముక మూలుగను కూడా కొడుతుందట. అది చాలదన్నట్టు, జబ్బులో ఉన్న ఒళ్లు తన దగ్గరున్న ఇనుమును ఎక్కడో దాచి తాళం వేసుకుంటుందట. లోపల సరుకు ఉంటుంది, బయటికి మాత్రం రాదు. మా రేషన్ దుకాణం సంగతి తెలిసినవాణ్ణి కనుక నాకు వెంటనే అర్థమైంది. ఆ తాళంతో పనిలేకుండా ఒంటికి ఇనుము అందించే కొత్త రకం గోలీ ఒకటి వచ్చిందని, అది పనిచేస్తే సూదులు ఆగిపోవని, సూదులు ఆగకపోతే మా అమ్మలాంటి వాళ్లు బతుకుతారని చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

హైదరాబాదులో ఆమె పనిచేసే సంస్థ ఈ గోలీని పరీక్షించే పని ఆమెకే అప్పగించింది. నాగర్‌కర్నూల్‌లో క్యాన్సర్ సూదులు వేసే ఒక ట్రస్టు దవాఖాన ఉంది. అక్కడికి వచ్చే ఆడవాళ్ల మీదనే పరీక్ష. అక్కడి వైద్యం డాక్టర్ భాస్కర్ చేస్తాడు, గోలీల వ్యవహారం స్వరూప చూస్తుంది. పరీక్ష పద్ధతి మహా గొప్పది. సగం మందికి అసలు గోలీ, సగం మందికి మందేమీ లేని ఉత్త గోలీ. రంగు ఒకటే, సైజు ఒకటే, సీసా ఒకటే. ఎవరికి ఏది పోవాలో హైదరాబాదులో కంప్యూటర్ చీటీ తీస్తుంది. ఎవరికి ఏది పోయిందో మింగేవాళ్లకు తెలియదు, ఇచ్చే స్వరూపకూ తెలియదు. ఇలా అందరూ కళ్లకు గంతలు కట్టుకుంటేనే సత్యం బయటపడుతుందని ప్రపంచమంతా ఒప్పుకుందట. మిగతా వైద్యం మాత్రం అందరికీ ఒకేలా నడుస్తుంది.

ఈ సంగతంతా ముందే చెప్పి వేలిముద్ర తీసుకోవాలని నియమం. సంస్థ తెలుగులో రాయించి పంపిన కాగితం చదివితే నాకే సగం అర్థం కాలేదు. "యాదృచ్ఛిక కేటాయింపు" అని ఉంది అందులో. స్వరూప దాన్ని పక్కన పడేసి మన భాషలోనే చెప్పింది. కొందరికి మందుంటది, కొందరికి ఉండదు, ఎవరికేదో నాక్కూడ తెల్వదు అని చెప్పింది. ఆడవాళ్లు శ్రద్ధగా విన్నారు. ఆఫీసర్లు చెప్పేది వినాలి, ముద్ర వేయాలి, తరువాత ఏం ఇస్తారో చూడాలి. ఎన్నో పథకాలు చూసినవాళ్లకు ఆ మాత్రం తెలుసు. అందరిలో పెద్దదైన తిమ్మమ్మ బొటనవేలికి సిరా పూసుకుంటూ ఒక మాట అంది.

"చెప్పేది మీరు, మింగేది మేము. ఏడ పెట్టాలె ముద్ర?"

చివరన స్వరూప ఒక జాగ్రత్త చెప్పింది. "గోలీ మింగినంక దొడ్డికి నల్లగొస్తే భయపడకుండ్రి. ఇనుము లోపటికి పోయినట్టే." ఇది ఆమె సొంత మాట కూడా కాదు. ఇనుము గోలీలు ఇచ్చే ప్రతిచోటా ఏళ్ల తరబడి చెబుతున్న మాటే. కాగితంలో అర్థమయ్యే వాక్యం కూడా అదొక్కటే. అందువల్ల ఆ రోజు విన్నదాంట్లో ఆడవాళ్లకు గుర్తున్నది అదొక్కటే.

ఇక్కడ తిమ్మమ్మ గురించి చెప్పాలి. బిజినేపల్లి రోడ్డు మీద ఒక ఊరు ఆమెది. పెళ్లయిన ఏడు నుంచి మోకాళ్లు అరిగిపోయేదాకా వలస కూలీ. కాలువలు తవ్వింది, కట్టలకు రాళ్లు మోసింది, మహారాష్ట్రలో రోడ్లకు తారు పోసింది. ఆమె వండిపెట్టే గుంపు ఆమె మాట వినేది. వలస గుంపులో ఒక పద్ధతి ఉంటుంది. పని అందరిదీ కలిపి కొలుస్తారు, వచ్చినదాన్ని అందరికీ సమానంగా పంచుతారు. జ్వరంతో డేరాలో పడుకున్నవాడికి కూడా వంతు తీసిపెడతారు. అలా పంచే పని ఎప్పుడూ తిమ్మమ్మదే. ఇప్పుడు ఆమెకు కడుపులో గడ్డ. కొన్ని సూదులు వరసగా పడితే గడ్డ చిన్నదవుతుంది, అప్పుడు హైదరాబాదులో కోసి తీసేస్తారు, ఆమె బతుకుతుంది. వరస తప్పితే కోయడానికి వీలుండదు. డాక్టర్ భాస్కర్ ఈ మాట ఆమెకు మొహం మీదనే చెప్పాడు. ఆ వరస నిలవాలంటే ప్రతిసారీ రక్తం ఎనిమిది దాటాలి.

పరీక్షలో ఎక్కువమంది బిజినేపల్లి దిక్కు ఆడవాళ్లే, వాళ్లంతా సాయన్న ఆటోలోనే వచ్చేవారు. సంస్థలో మేధావులు అన్నిటికీ గంతలు కట్టారు కానీ ఆటోకు కట్టడం మరిచిపోయారు. ఒకే ఆటోలో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న ఆడవాళ్లు ఏం మాట్లాడుకుంటారు? జబ్బు గురించి, కోడళ్ల గురించి, ఆపైన దొడ్డి గురించి. వాళ్లలో చిన్నది రేణుక, వనపర్తి పుట్టిల్లు, ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, రొమ్ములో గడ్డ. ఒకరోజు ఆటోలో ఆమె ఏడుపు మొదలుపెట్టిందని సాయన్న నాతో చెప్పాడు.

"నాకు నల్లగొస్తలేదత్తా. నాకు ఉత్త గోలీనే ఇచ్చినట్టుండ్రు."

"నాకు మస్తు నల్లగొస్తుంది," అంది తిమ్మమ్మ. ఇంకో ఇద్దరు తమకూ వస్తుందన్నారు, మిగతావాళ్లు రావట్లేదన్నారు. ప్రపంచమంతా ఒప్పుకున్న గంతలు బిజినేపల్లి చేరకముందే ఊడిపోయాయి.

"గిదేం న్యాయం? ఒకరికి మందు, ఒకరికి మన్ను. చిన్న పిల్లల తల్లికి ఉత్తది పెట్టి, కాటికి కాళ్లు జాపిన దానికి అసలుది పెడ్తరా?" అని తిమ్మమ్మ కొంగు పరిచింది. "అందరు తియ్యిండ్రి మీ సీసలు. ఇండ్ల పొయ్యిండ్రి."

అందరూ పోశారు. తిమ్మమ్మ వాటిని చేత్తో కలిపి, ఒడిలోనే పోగులు వేసి, తలా ఒక పోగు సీసాలో తిరిగి పోయించింది. తన పోగులోంచి పిడికెడు తీసి రేణుక సీసాలో అదనంగా వేసింది. ఆ రోజు నుంచి గోలీలు తీసుకున్న ప్రతిసారీ తిరుగు దారిలో ఇదే పంపకం. సాయన్న ఆటో గుంతలు చూసి మెల్లగా నడిపేవాడట, గోలీలు కింద పడకుండా. ఇంత మంచితనం ఒకేచోట పోగుపడితే ఏ శాస్త్రం తట్టుకుంటుంది.

కొన్ని నెలలు గడిచాక హైదరాబాదు సంస్థ లెక్కలు చూసుకుంది. రెండు గుంపులకూ ఏ తేడా లేదు. ఉండదు మరి, ఒడిలో కలిపాక ఇంకా రెండు గుంపులెక్కడివి. కానీ అది ఎవరికీ తెలియదు. స్వరూపకు పైనున్న పెద్ద సారు చల్లటి గదిలో కూర్చుని "ఫలితం రాకపోవడం కూడా ఒక ఫలితమేనమ్మా" అన్నాడట. గోలీ పనికిరాదని ఒక వ్యాసం రాసేస్తే సరిపోతుందని, వ్యాసంలో ఆమె పేరు మొదట ఉంటుందని ఓదార్చాడట. గోలీ పనికిరాదని రాస్తే ఇక దాన్ని ఎవరూ ముట్టరు. అది నిజంగా పనిచేసేదే అయినా సరే. వ్యాసం మాత్రం బాగుంటుంది.

స్వరూపకు నిద్ర పట్టలేదు. గోలీ సంగతి ఒకటైతే తిమ్మమ్మ సంగతి ఇంకోటి. తిమ్మమ్మ రక్తం పడిపోతూనే ఉంది. రెండుసార్లు సూది వాయిదా పడింది. రక్తం ఎక్కిస్తే నాలుగు రోజులు నిలబడి మళ్లీ దిగిపోతోంది. దవాఖానకు వచ్చిన ప్రతిసారీ దొడ్డి నల్లగా వస్తుందా అని అడిగి కాగితంలో అవుననో కాదనో గుర్తు పెట్టేవారు. తిమ్మమ్మ ప్రతిసారీ మెడ నిటారుగా పెట్టి అవుననేది. అది ఎదురుచూసిన సంగతే కనుక ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.

"అన్నా, మందు లోపలికి పోతున్న మనిషికి రక్తం ఎందుకు పడుతలేదు?" అని స్వరూప నన్ను అడిగింది. నన్ను. జిరాక్సు తీసేవాణ్ణి. ఎంత దిక్కుతోచని స్థితిలో ఉందో అప్పుడర్థమైంది. వాళ్లు ఇంటి దగ్గర ఏం తింటున్నారో, గోలీలు ఎలా మింగుతున్నారో పోయి చూడరాదా అన్నాను. నా జీవితంలో నేను ఇచ్చిన పనికొచ్చే సలహా అదే. అది కూడా ఆమెను దుకాణంలోంచి లేపడానికి ఇచ్చాను, వెనక ఐదుగురు కాపీల కోసం నిలబడి ఉన్నారు.

మరుసటి వారం గోలీలు ఇచ్చిన రోజు సాయంత్రం స్వరూప వాళ్లతో పాటు ఆటో ఎక్కింది. నేను లేను. స్వరూప చెప్పింది, సాయన్న చెప్పింది కలిపి చెబుతున్నాను. ఊరు దాటగానే తిమ్మమ్మ అలవాటుగా కొంగు పరిచింది. డాక్టరమ్మ ఎదురుగా ఉందన్న సంకోచం ఎవరికీ లేదు, ఎందుకంటే తప్పు చేస్తున్నామని ఎవరూ అనుకోలేదు. సీసాలు ఒక్కొక్కటే ఒడిలో ఖాళీ అవుతుంటే స్వరూప చూస్తూ కూర్చుండిపోయింది. ఏళ్ల చదువు, మా అమ్మ చావు, కంప్యూటర్ చీటీలు, అన్నీ తిమ్మమ్మ ఒడిలో గలగలలాడుతున్నాయి.

"ఏంది పెద్దమ్మా ఇది? ఎన్నాళ్లసంది చేస్తున్నరిట్ల?"

"మొదట్లసంది. ఏం, గుంపన్నంక పంచుకోవద్దా?"

"అట్ల కలిపితే ఏ మందు పనిచేస్తదో ఎట్ల తెలుస్తది? నేను చెప్పలేదా?"

"చెప్తివి. కొందరికి ఉండదంటివి. లేనోళ్లకు ఉన్నోళ్లు ఇచ్చిండ్రు. ఇండ్ల నీకేమైంది పరేషాన్?"

స్వరూప సాయన్నను ఆటో ఆపమంది. అందరినీ వరసగా తిట్టింది. మా వంశంలో అంత బాగా తిట్టిన డాక్టరు ఇంకెవరూ లేరు. తిమ్మమ్మ అంతా విని, పిల్లకు అసలు సంగతి తెలియక బాధపడుతోందనుకుని, నెమ్మదిగా ధైర్యం చెప్పింది.

"నా దగ్గరున్నది మంచి మందే బిడ్డా. పంచినా సత్తువ తగ్గలే. పోయిన వారం జూస్తే తారు లెక్కనే ఉండె. మేం రోడ్డు మీద పోస్తుంటిమే, అచ్చం గట్లనే. నల్లగ, జిగట, నీళ్లు పోసినా పోదు. వాసనైతే ఇంట్లోళ్లు ముక్కు మూసుకుంటరు. గంత గట్టి మందిచ్చినవు."

స్వరూప తిట్టడం ఆపేసింది. ఇనుము మింగితే వచ్చే నలుపు వేరు. కడుపులో కారిన రక్తం పేగుల్లో నల్లబడి దిగితే వచ్చే నలుపు వేరు. అది తారులాగే ఉంటుంది, జిగటగా ఉంటుంది, భరించలేని వాసన వేస్తుంది. ఇది వైద్యం చదివేవాళ్ల మొదటి పుస్తకాల్లోనే ఉన్న సంగతి. నల్లగా వస్తుందా అని అడగడానికి కాగితంలో ఒక ప్రశ్న ఉంది, ఎలాంటి నలుపు అని అడగడానికి లేదు. తిమ్మమ్మ నెలల తరబడి రక్తం పోగొట్టుకుంటూ, అది మందు బలమని మురిసిపోతూ, ఆ బలాన్ని పదిమందికి పంచుతూ వచ్చింది. భయపడవద్దని ఆమెకు చెప్పింది స్వరూపే.

"సాయన్నా, ఆటో తిప్పు," అంది. "దవాఖానకు పో. జల్ది."

డాక్టర్ భాస్కర్ ఆమె మాట సాంతం వినకుండానే అంబులెన్సు పిలిపించి మహబూబ్‌నగర్ పంపాడు. నోట్లోంచి గొట్టం దించి చూశారు. గడ్డ పక్కనే ఒక పుండు, సన్నగా కారుతూనే ఉంది. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని రోజూ మింగిన గోలీల వల్ల పడిందన్నారు. గొట్టం ద్వారానే కారడం ఆపారు. రక్తం ఎక్కించారు. ప్రాణాపాయం వచ్చింది కనుక ఆమెకు కంప్యూటర్ ఏ చీటీ తీసిందో విప్పి చెప్పమని స్వరూప హైదరాబాదుకు ఫోను చేసింది. తిమ్మమ్మది ఉత్త గోలీ. తరువాత పరీక్ష మొత్తం మూతపడ్డప్పుడు మిగతా చీటీలు కూడా విప్పారు. నల్లగా రావట్లేదని ఏడ్చిన రేణుకది అసలు గోలీ. ఇనుము మింగిన అందరికీ నల్లగా రావాలని ఏమీ లేదట. ఆ వాక్యం కాగితంలో లేదు.

పెద్ద సారు ఇక్కడ కూడా ఓదార్చాడు. ఆటో సంగతి రాయకపోతే వ్యాసం ఇప్పటికీ నిలుస్తుందన్నాడు. పల్లెటూళ్లలో ఇలాంటివి మామూలే, అన్నీ రాసుకుంటూ పోతే ప్రపంచంలో ఒక్క పరిశోధన కూడా మిగలదన్నాడు. ఈ మాట మాత్రం నిజమే అయ్యుంటుంది. స్వరూప మొత్తం రాసి పంపింది. గోలీలు కలిసిపోయాయని, తను అడగవలసిన ప్రశ్న అడగలేదని, ఒక మనిషి రక్తం కారిపోతుంటే మందు ప్రభావమని రాసుకున్నానని. పరీక్ష రద్దయింది. గోలీ మంచిదో కాదో ఎవరికీ తెలియకుండా పోయింది. స్వరూప మీద ఒక విచారణ వేశారు. విచారణకు కావలసిన కాగితాలన్నీ నా దుకాణంలోనే కాపీ తీయించుకుంది, నేను ఆమె మొహం చూడలేకపోయాను.

తిమ్మమ్మ నాగర్‌కర్నూల్ తిరిగొచ్చాక ఆమెకు నిజం చెప్పాల్సి వచ్చింది. స్వరూప ఒక్కతే పోలేక నన్ను తోడు తీసుకుపోయింది. మంచం పక్కన కూర్చుని, నీకిచ్చింది ఉత్త గోలీ పెద్దమ్మా అని చెప్పింది. ఆ నలుపు నీ నెత్తురే అని కూడా చెప్పింది. తిమ్మమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"అంటే నేను అందరికి మన్ను పంచిన్నా?"

"నీకు తెల్వదు గద."

"రేణుక సీసల పిడికెడు ఎక్కువేస్తి. దాని మంచిది నేను గుంజుకొని, నా మన్ను దాని నోట్ల పోస్తి." నలభై ఏళ్లు గుంపుకు పంచిన మనిషి, ఒక్కరికి ఒక్క ముద్ద తక్కువ పెట్టలేదని పేరు. గడ్డ ఉందని చెప్పిన రోజు కూడా ఏడవలేదట. ఇప్పుడు ఏడ్చింది. రేణుకకు ఏమీ కాలేదని, సూదులు ఆలస్యమైనా పడుతున్నాయని స్వరూప ఎంత చెప్పినా ఆమె తల అటు తిప్పుకునే ఉంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఉత్తదెవరికి పెట్టాలెనో ఎవరు జెప్పిండ్రు? ముసల్దని పెట్టిండ్రా, కూలిదని పెట్టిండ్రా?" అని అడిగింది.

"కంప్యూటర్ల చీటీ తీసిండ్రు. ఎవరి పేరు జూసి తియ్యలే."

"మేము జూసినమా చీటీ తియ్యంగ?"

స్వరూప లేచి ఆమె దుప్పటి సర్ది బయటికి నడిచింది, నేను వెనకే వచ్చాను.

మరో నెలకు తిమ్మమ్మ రక్తం ఎనిమిది దాటింది. ఆగిపోయిన సూదులు మళ్లీ మొదలుపెడతామని డాక్టర్ భాస్కర్ కబురు పెట్టాడు. గడ్డ కొంచెం పెరిగింది కానీ చేయి దాటలేదు, ఈ వరస తప్పకుండా పడితే కోయొచ్చు అన్నాడు. ఆ రోజు మేమిద్దరం కూడా పోయాం. విచారణ ఇంకా నడుస్తోంది, స్వరూపకు ఆ వార్డులో ఏ పనీ లేదు, ఏ అధికారమూ లేదు. ఊరికే గోడకు ఆనుకుని నిలబడింది.

తిమ్మమ్మ మంచమెక్కి పడుకుంది. నర్సు అక్కడే మందు కలిపి స్టాండుకు సీసా తగిలించింది. లోపల నీళ్లలాంటి మందు, రంగు లేదు, చూస్తే ఏమీ తెలియదు. తిమ్మమ్మ దానివైపు చూసి, డాక్టరును వదిలేసి, నర్సును వదిలేసి, గోడ దగ్గరున్న స్వరూపను దగ్గరికి పిలిచింది.

"గీ సీసల మందున్నదా బిడ్డా, ఉత్త నీళ్లేనా?"

"మందే పెద్దమ్మా. నా ముంగటనే కలిపిండ్రు."

"గోలీలు గూడ నీ చేతులతోనే ఇస్తివి."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే స్వరూప తట్టుకునేది. ఆమె మంచం పట్టెను పట్టుకుని నిలబడి ఏడ్చింది, వార్డంతా చూస్తుండగా. తిమ్మమ్మ ఓదార్చలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా చూసి, ఇక వేరే దారి లేదు కనుక చేయి చాపింది. నర్సు సూది గుచ్చింది. సీసా ఖాళీ కావడానికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా తిమ్మమ్మ కన్ను మూయకుండా ఆ చుక్కలనే చూస్తూ పడుకుంది.